ఎనిమిది సెకన్లు దాటిన పాట

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే తల నెరిసి ఉండాలంటారు. నాకింకా ఇరవై తొమ్మిదే. అయితే నేను చేసిన ఉద్యోగం నాకంటే ముందే రిటైరైపోయింది. ఇప్పుడా పని మనుషులు చెయ్యరు, ఒక సాఫ్ట్‌వేర్ చేస్తుంది. అది తడబడదు, అవతలివాళ్ళు విసుక్కుంటే బాత్రూంలోకి పోయి ముఖం కడుక్కుని రాదు. కాబట్టి ఆ పని గురించి రాసే వయసు నాకు వచ్చేసినట్టే లెక్క.

కర్నూలులో ఒక చిన్న ఎఫ్.ఎం. స్టేషన్‌లో నాలుగేళ్ళు పనిచేశాను. పాటలు ఎంచే విభాగం. విభాగమంటే నేను, ఒక కంప్యూటరు, ఒక ఫోను. రోజూ పొద్దున ముక్కూ ముఖం తెలియని నలభై మందికి ఫోన్ చేసి, కొన్ని పాటల్లోంచి ఎనిమిదేసి సెకన్ల ముక్కలు వినిపించి, ఒక్కోదానికి ఐదుకు ఎన్ని మార్కులు వేస్తారో అడిగి రాసుకోవాలి. ఆ ముక్కను హుక్కు అనేవాళ్ళం. పాటంతా మరిచిపోయినా నాలుక మీద మిగిలిపోయే ముక్క అన్నమాట. మార్కులు బాగా వస్తే పాట రోజుకు ఆరుసార్లు మోగుతుంది. రాకపోతే దాని గురించి మళ్ళీ ఎవరూ మాట్లాడరు.

నలుగురిలో నోరు విప్పలేని నాకు ఈ పని ఎందుకిచ్చారో నాకిప్పటికీ తెలియదు. మాట్లాడాల్సిన వాక్యాలు ఒక అట్టముక్క మీద రాసుకుని ఎదురుగా పెట్టుకునేదాన్ని. "నమస్తే అండీ, రేడియో నుంచి మాట్లాడుతున్నాను, రెండు నిమిషాలే తీసుకుంటాను." ఆ అట్టముక్క లేకుండా ఒక్క ఫోనూ చెయ్యలేదు.

"లోను వద్దు మా, పెట్టెయ్" అనేవాళ్ళు సగం మంది. కోయిలకుంట్ల నుంచి వచ్చి ఇక్కడ ఎరువుల కొట్టు పెట్టుకున్న పెద్దాయన ఒకాయన మాత్రం ఎప్పుడు చేసినా ఓపిగ్గా వినేవాడు. "ఎనిమిది సెకన్లకే మార్కులా పాపా? మావోడు మూడు గంటలు రాసినా పాస్ కాకపాయె" అని నవ్వి, ప్రతి పాటకూ మూడు వేసేవాడు. అన్నిటికీ మూడే. నాకు ఆయనంటే గౌరవం.

సాయంత్రాలు ఇంట్లో నేను వినే పాటలు వేరు. సినిమా దారిలో పోకుండా, గిటార్లు గట్టిగా వాయిస్తూ తమ లోపలి గోలను తమకు తోచినట్టు పాడుకునే గుంపుల పాటలు. ఆల్టర్నేటివ్ రాక్ అంటారు. చెవుల్లో అవి పెట్టుకుని డైరీ రాసేదాన్ని. అలా వినగా వినగా ఒకటి గమనించాను. ఇలాంటి గుంపులు పది పాటలు చీకట్లో తలుపులు వేసుకుని పాడినట్టు పాడతాయి. పదకొండోది మాత్రం ఎలా వస్తుందో వస్తుంది, పిల్లా పెద్దా ఈల వేసుకునేంత తేలిక పాట. జనానికి అదొక్కటే తెలుస్తుంది. ఆ గుంపు జీవితాంతం దాన్ని పాడలేకా మానలేకా అవస్థ పడుతుంది. ఇది డైరీలో రాసుకున్నాను కూడా. అలాంటి అవస్థను ఒక గుంపుకు నా చేతులతోనే తెచ్చిపెడతానని అప్పటికి తెలియదు.

ఆ నలుగురు ఎండాకాలానికి ముందొక మధ్యాహ్నం వచ్చారు. ఇంజనీరింగు అయిపోయిన కుర్రాళ్ళు. ఊరి చివర వాడకంలో లేని పత్తి గోదాములో వాయించుకుంటారట. ఎండలో నల్ల టీషర్టులు. ముగ్గురు గోడకు ఆనుకుని నిలబడ్డారు. పాడే అబ్బాయి మాత్రం పెన్‌డ్రైవ్‌ను రెండు చేతులతో పట్టుకుని మా సార్ ముందు పెట్టాడు. తనది ఆలూరు దగ్గర పల్లె అన్నాడు.

సార్ అంటే మా స్టేషన్ హెడ్. ఒకప్పుడు నంద్యాలలో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించిన మనిషి, పాట తెలుసు. కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు. ఐదు నిమిషాల నలభై సెకన్లు.

మావైపు పడమటి పల్లెల వాళ్ళు పంటలు లేని నెలల్లో ఇళ్ళకు తాళాలు, మా మాటలో బీగాలు, వేసుకుని, గుంటూరు దిక్కు మిరపకోతలకు లారీలెక్కి పోతారు. దాన్ని సుగ్గికి పోవడమంటారు. బడిపిల్లల్ని ఊళ్ళో హాస్టల్లో వదిలిపోతారు. పాట అలా వదిలిపోయిన పిల్లవాడిది. గొంతు కింది నుంచి, దాదాపు మాట్లాడుతున్నట్టు మొదలవుతుంది.

*కోడిపెట్టను పక్కింట్ల ఇడిసినం,*
*పలకా బలపం సంచిలో పెట్టినం,*
*బీగంచెవి యాడ పెట్టినావమ్మా,*
*యాడ పెట్టినావో చెప్పి పో.*

దాని తర్వాత ఉన్నట్టుండి డ్రమ్ము లేస్తుంది, నలుగురూ అందుకుంటారు.

*పోదాం పా, పోదాం పా,*
*బండొచ్చె పోదాం పా,*
*బీగమేసి పోదాం పా.*

సార్ కాలు అక్కడ ఆడింది. నాది కూడా. చివరి చరణానికి డ్రమ్ము ఆగిపోతుంది, తల్లి గొంతుతో జవాబు వస్తుంది. అది విని సార్ కళ్ళు తెరిచాడు.

"బాగుండాది అప్పా. శానా బాగుండాది. బాగున్నందుకే చిన్నది చెయ్యాల" అన్నాడు. "ఇంత పొడుగు పాట వేస్తే మధ్యలో స్టేషన్ మార్చేస్తారు. మూడు నిమిషాల లోపల చేసుకుందాం. ఏం మా, చేస్తావా?"

నేను తల ఊపాను. నా జబ్బు ఇదే. నోరు తెరవాల్సిన చోటల్లా తల ఊపి గట్టెక్కుతాను.

అబ్బాయిలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రేడియోలో వస్తుందన్న ఆశ ముందు, ఏం పోతుందో అడగడానికి వాళ్ళకూ నోరు రాలేదు.

పాట కొయ్యడం కష్టం కాదు. మొదటి చరణం సగానికి తగ్గించాను. రెండోది తీసేశాను. చివరి చరణం నెమ్మదిగా ఉంది కాబట్టి అదీ తీసేశాను. 'పోదాం పా' మూడుసార్లకు బదులు ఐదుసార్లు పెట్టాను. రెండు నిమిషాల యాభై సెకన్లు. హుక్కు కోసం దాంట్లో మొదటి రెండు వరుసలు చాలనిపించింది. 'బీగమేసి' అన్న మూడో వరుస దగ్గర స్వరం దిగుతుంది, దిగే స్వరానికి మార్కులు తగ్గుతాయి. అందుకని దాన్నీ వదిలేశాను. ఆ రోజు పని బాగా చేశానని డైరీలో రాసుకున్నాను. సిగ్గుగా ఉన్నా చెప్పాలి కదా.

మర్నాడు నలభై మందికి వినిపించాను. ఎరువుల కొట్టాయన నాలుగు వేశాడు. నేను ఫోను పట్టుకుని, నిజంగానా అని అడిగాను. "కాలు ఊరికే ఉంటలేదు పాపా" అన్నాడు.

పదిహేను రోజుల్లో ఊరంతా పోదాం పా. ఆటోల్లో అదే. కొండారెడ్డి బురుజు ముందు కాలేజీ పిల్లలు గుంపుగా గెంతుతూ రీళ్ళు తీసుకున్నారు. ఓర్వకల్లు రాళ్ళ మధ్య బైకుల మీద ఎగురుతూ తీసుకున్నారు. పెళ్ళికొడుకు ఊరేగింపులో బ్యాండు మేళం వాళ్ళు వాయించారు. చివరికి ఒక బస్సు ట్రావెల్స్ వాళ్ళు వచ్చి, ఈ పాట మోగే కార్యక్రమానికి మేమే ప్రకటనలు ఇస్తామన్నారు. ఇల్లు విడిచి కూలికి పోయే పాటను విహారయాత్రల పాటగా మార్చాను నేను. ఎవరూ తప్పుబట్టలేదు. మా ఆర్జే అక్క, అంటే మైకు ముందు మాట్లాడే ఆమె, "ఏమ్మే, నీ చేతిలో ఏదో ఉండాదే" అని నాకు మైసూరుపాకు పెట్టింది.

నాకు మాత్రం కుదురు తప్పింది. ఆటోలో కూర్చుంటే ఆ పాట, దిగితే పక్క ఆటోలో. ఎక్కడ విన్నా నేను కోసిన చోటు నాకు వినబడేది. వేరేవాళ్ళకు వినబడదు, అంత నున్నగా అతికించాను. కోసినవాళ్ళకే తెలుస్తుంది. ఇంటికి పోయి పుస్తకం తెరిస్తే ఒక పేజీ దాటేది కాదు. చదువుతున్నదాంట్లో కూడా ఎవరు ఏం తీసేసి ఉంటారోనని వెతుక్కునేదాన్ని.

స్టేషన్ వార్షికోత్సవానికి వాళ్ళను పిలిచి స్టూడియోలోనే లైవుగా పాడించాలని సార్ అనుకున్నాడు. ఆ మాట మాట్లాడటానికి నలుగురూ మళ్ళీ వచ్చారు. ఈసారి గోడకు ఆనుకోలేదు.

"ఫేమస్ చేసినారు సార్, థాంక్స్" అన్నాడు డ్రమ్ము అబ్బాయి. "మొన్న మా గోదాము కాడికి ఒకాయన వచ్చి, పిక్నిక్ బ్యాండు ఇదేనా అప్పా అని అడిగినాడు."

పాడే అబ్బాయి నవ్వలేదు. "మా అమ్మ ఫోన్ చేసింది సార్. టూర్ పాట రాసినావంట గదా నాయనా, అని అడిగింది."

తల్లి అప్పటికి గుంటూరు దిక్కు మిరపతోటల్లో ఉంది. మీటల ఫోను. ఊరివాళ్ళెవరో రీల్ చూసి ఆమెకు చెప్పారట. పాటను ఆమె ఒక్కసారీ పూర్తిగా వినలేదు.

"నువ్వే పాడి వినిపించొచ్చు కదప్పా" అన్నాడు సార్.

"ఎట్ల సార్? అమ్మ మాటలే పెట్టినా దాంట్లో. ఎదురుంగా పాడితే నాకు గొంతు రాదు. రేడియోలో వస్తే వింటాది, నేను ఈడ ఉంటా, ఆమె ఆడ ఉంటాది, సరిపోతాది." కర్నూలులో ఉండే వాళ్ళక్క రేడియో పక్కన ఫోన్ పెట్టి తల్లికి వినిపిస్తుందట. "మొత్తం పాడనిస్తేనే వస్తాం. లేకుంటే వద్దు సార్."

"చూద్దాం లే" అన్నాడు సార్. ఆయన చూద్దామంటే సరే అని వాళ్ళు అనుకున్నారు. కాదని నాకు తెలుసు.

బయటకు పోతూ ఆ అబ్బాయి నా బల్ల దగ్గర ఆగాడు. "మేడం, లైవ్ అప్పుడు ఆ మీటల కాడ ఉండేది మీరే గదా? మొత్తం పోతాది గదా?"

తల ఊపాను.

ఆ రోజు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే రేడియోలోకి వచ్చే మీలో ఎవరైనా అలాంటి నిమిషంలో నా కుర్చీలో కూర్చుంటారు.

కార్యక్రమం సాయంత్రం నాలుగింటికి. స్టూడియోకూ నేను కూర్చునే గదికీ మధ్య ఒక అద్దం. స్టూడియో గోడకు ఎర్ర దీపం. అది వెలిగితే లోపలి మాట ఊరంతా వింటున్నట్టు. నా ముందు ఫేడర్లు, అంటే బొటనవేలంత మీటలు. పైకి జరిపితే లోపలి గొంతు ఊళ్ళోకి పోతుంది, ఎర్ర దీపం వెలుగుతుంది. కిందికి జరిపితే గొంతు గదిలోనే ఉండిపోతుంది, దీపం ఆరుతుంది. నా చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లలో మాత్రం అన్నీ వినబడుతూనే ఉంటాయి.

ఐదింటికి ట్రావెల్స్ వాళ్ళ ప్రకటన. సెకను అటూ ఇటూ కాకూడదని ఒప్పందం. పాట నాలుగూ నలభై తొమ్మిదికి మొదలైతే హాయిగా సరిపోతుంది. అలాగే కాగితం మీద రాసి ఆర్జే అక్కకు ఇచ్చాను. ఆమెకు ఆ రోజు ఉత్సాహం ఎక్కువ. మీలో ఎవరికి ప్రేమలేఖలొచ్చాయి, ఏ హీరోయిన్ ఇష్టం అని ఒక్కొక్కర్నీ ఆటపట్టించింది. నేను అద్దం మీద వేలితో కొట్టాలి. కొట్టలేదు. మైకు ముందున్న మనిషిని ఆపడం నా వల్ల కాదు. కాగితం మీద పెద్ద అక్షరాలతో టైం రాసి అద్దానికి ఆనించాను. ఆమె నవ్వి నాకు చెయ్యూపింది.

పాట మొదలయ్యేసరికి నాలుగూ యాభై ఆరు. లెక్క మీరూ వేసుకోగలరు. నిమిషం నలభై సెకన్లు ఎక్కువ. చివరి చరణం సరిగ్గా ఐదింటి అవతల పడుతుంది.

అతను కళ్ళు మూసుకుని పాడాడు. కోడిపెట్ట, పలక, బీగంచెవి. అప్పటివరకూ అతని గొంతు ఇంత నిదానంగా రేడియోలో ఎవరూ వినలేదు. రెండో చరణం వచ్చింది, నేను మొదటిసారి కోసి పారేసింది. నా వెనక తలుపు తెరుచుకుంది. సార్ వచ్చి నా కుర్చీ పక్కన నిలబడ్డాడు. గడియారం చూశాడు. నన్ను చూశాడు. అరచేతిని అడ్డంగా గాల్లో కదిపాడు, కోసెయ్ అన్నట్టు.

"సార్, చివరి చరణం..." అన్నాను. లేదా అన్నాననుకున్నాను. నా డైరీలో అన్నానని ఉంది. గొంతు బయటికి వచ్చిందో లేదో నమ్మకం లేదు.

"మళ్ళీ ఎప్పుడన్నా వేద్దాం మా" అన్నాడు మెల్లగా. కోపం లేదు ఆయనలో. అదే ఇబ్బంది. అరిచి ఉంటే బెదిరిపోయి చేశానని చెప్పుకునేదాన్ని.

మీటను కిందికి జరిపాను. మెల్లగా, నాలుగు సెకన్లు తీసుకుని, ఎక్కడా కుదుపు లేకుండా. పని బాగా వచ్చు నాకు. ఎర్ర దీపం ఆరింది. ఊళ్ళో బస్సు హారన్ మోగింది. "మెత్తని సీట్లు, చల్లని ప్రయాణం..."

అద్దం అవతల అతను పాడుతూనే ఉన్నాడు. డ్రమ్ము ఆగింది. నా హెడ్‌ఫోన్లలో మాత్రం తల్లి జవాబు వచ్చింది.

*వాకిలి పైన గూట్లో పెట్టిన నాయనా,*
*బీగంచెవి గూట్లో పెట్టిన,*
*నీ చెయ్యి అందిననాడు తీసుకో,*
*నేనొచ్చే దాక ఎదుగుతాండు.*

కర్నూలంతా బస్సు ప్రకటన వింటుంటే, ఆ నాలుగు వరుసలూ నేనొక్కదాన్నే విన్నాను. అతను కళ్ళు తెరిచాడు. చెంప తుడుచుకుని, అద్దంలోంచి నన్ను చూసి, పెదాలతో అడిగాడు: మొత్తం పోయిందా?

తల ఊపాను. మూడోసారి.

వాళ్ళు తీగలు చుట్టుకుంటుండగానే అతని అక్క ఫోన్ వచ్చింది. అతను విన్నాడు. తర్వాత గిటారు సంచి భుజాన వేసుకుని నా గది గుమ్మంలోకి వచ్చాడు.

"మా అమ్మ అడుగుతాండాది మేడం" అన్నాడు. "ఆ బస్సుకు టికెట్లు యాడ ఇస్తారంట?"

డ్రమ్ము అబ్బాయి అతని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు.

తర్వాతి మూడు రోజులు నేను మామూలుగానే పనిచేశాను. నలభై మందికీ ఫోన్లు చేశాను. ఎరువుల కొట్టాయన "ఏం పాపా, గొంతు అట్లుండాదే, జలుబా?" అన్నాడు. అవునన్నాను. అది కూడా అబద్ధమే. ఇంటికి పోతే కూర్చోలేకపోయేదాన్ని, కె.సి. కాలువ గట్టు మీద ఊరికే అటూ ఇటూ నడిచేదాన్ని. కాలువలో నీళ్ళు లేవు. నడుస్తూ ఒకే మాట అనుకునేదాన్ని, ఒక ఫేడర్ జరిపితే ఏమవుతుంది, మనిషి చచ్చిపోయాడా అని. తల్లి వినాలని పాడాడు, తల్లికి బస్సు హారన్ వినిపించాను, అంతే కదా జరిగింది. ఆ అంతే దగ్గర కాలు ఆగిపోయేది.

నాలుగో రోజు గుర్తుకొచ్చింది. స్టూడియోలో ఏం పాడినా యంత్రం ఒక కాపీ దాచుకుంటుంది. ఊరికి పోయిందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. వెతికాను. ఉంది. ఐదు నిమిషాల నలభై సెకన్లు, చివర అతను ముక్కు ఎగబీల్చిన చప్పుడుతో సహా. అతిథులు నింపే ఫారంలో ఇంటి నంబరు అన్న గడిలో అతను ఒక నంబరు రాసి, పక్కన 'అమ్మ' అని రాశాడు.

కోతల్లో మధ్యాహ్నం అన్నానికి ఆగుతారని తెలుసు. ఒంటిగంటకు నా ఫోను తీసుకున్నాను. అట్టముక్క ఎదురుగా పెట్టుకున్నాను.

"నమస్తే అండీ, రేడియో నుంచి మాట్లాడుతున్నాను, రెండు నిమిషాలే..." అక్కడ ఆగిపోయాను. రెండు నిమిషాలు కాదు కదా. "ఆరు నిమిషాలు పడుతుందమ్మా. మీ అబ్బాయి పాట మొత్తం వినిపిస్తాను."

"ఎవురు పాపా నువ్వు?"

"పాటలు వేసే అమ్మాయిని."

"ఉండు ఉండు." వెనక్కి తిరిగి ఎవరినో పిలిచింది. "ఏయ్, రాండే, మావోని పాట ఏస్తాండారు. ఆ సద్ది మూత పెట్టు, ఈగలు పడతాండాయి." ఫోన్‌లో పైట సర్దుకున్న చప్పుడు, గాజులు, పదిమంది ఊపిరి.

నొక్కాను. మొదటి చరణానికి ఎవరో "కోడిపెట్ట మాట నిజమే, మా ఇంట్లనే ఇడిసినారు" అన్నారు. మిగిలినవాళ్ళు ఉష్షన్నారు. తర్వాత డ్రమ్ము లేచింది. నేను కుర్చీలో బిగుసుకుపోయాను, నేను పాడుచేసిన ముక్క అదే కదా. అవతల ఆడవాళ్ళు ఒక్కసారిగా అందుకున్నారు. పోదాం పా, పోదాం పా. చప్పట్లు కూడా. ఒకామె ఎంత గట్టిగా పాడిందంటే ఫోన్ గరగరలాడింది.

"ఇది మాదే పాపా!" అని అరిచింది ఆమె. "లారీ ఎక్కేటప్పుడు మేం అనుకునేదే. దొంగనాయాలు ఎత్తుకోనిండాడు సూడు!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాటలో తేలిక ముక్క అని ఆ కుర్రాళ్ళు సిగ్గుపడ్డది, నేను హుక్కని కోసి అమ్మింది, ఈ ఆడవాళ్ళు లారీ చక్రం మీద కాలు పెట్టి ఎక్కుతూ భయం పోవడానికి పాడుకున్నది. దానికి నేను కొత్తగా చేసిన పాపం ఏమీ లేదు. దాన్ని మిగిలిన పాట నుంచి విడదీశాను, అదొక్కటే.

చివరి చరణం వచ్చింది. అవతల చప్పట్లు ఆగిపోయాయి. పాట అయిపోయింది. గాలి చప్పుడు. లైను తెగిందేమోననుకున్నాను.

అలవాటుగా అట్టముక్క మీద తర్వాతి వాక్యం చదివేశాను. "ఈ పాటకు ఐదుకు ఎన్ని మార్కులు వేస్తారమ్మా?"

ఆమె నడిచి దూరంగా వచ్చినట్టుంది, మిగిలినవాళ్ళ గొంతులు తగ్గాయి.

"మార్కులు నేనెట్ల ఏసేది పాపా?" అంది. "ఆ గూట్లో ఏం లేదు. బీగంచెవి నా కొంగుకే కట్టుకోనుంటి. చిన్నోడు గదా, హాస్టల్లో ఉండలేక పారిపోయి వచ్చి ఒక్కడే ఇంట్లో పండుకుంటాడని భయం. తేళ్ళు తిరిగే ఇల్లు అది. పైన గూట్లో ఉండాది, నీ చెయ్యి అందినప్పుడు తీసుకో అని చెప్తి. ప్రతి ఏడూ అదే చెప్తాంటి. పెద్దోడైనాక ఎప్పుడో చెయ్యి పెట్టి చూసుకోనుంటాడు లే అనుకుంటి. చూడలేదే వాడు. పాట కట్టుకోనిండాడు."

అట్టముక్క మీద దీనికి వాక్యం లేదు.

"అబద్ధం చెప్పిన నోటితో మార్కులు ఏస్తారా పాపా?"

"నేనూ చెప్పినానమ్మా" అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట. "ఆ రోజు పాట మధ్యలో ఆపింది నేనే. మొత్తం పోయిందా అని మీవాడు అడిగితే, పోయిందని తల ఊపినా."

"బస్సు హారన్ కొట్టింది నువ్వేనా?" అంది. తర్వాత చిన్నగా నవ్వింది. "సరే. ఐతే నీది నువ్వు చెప్పుకో. నాది నేను చెప్పుకుంటా. నాది నువ్వు చెప్పొద్దు."

"చెప్పనమ్మా."

అదే రోజు సాయంత్రం ఎండ తగ్గకముందే పత్తి గోదాముకు పోయాను. ఆటోలో ఆ పాటే మోగింది, ఆపమనలేదు. నలుగురూ వాయించడం ఆపి నన్ను చూశారు. చెప్పాను. నిలబడి, పూర్తి వాక్యాల్లో, తల ఊపకుండా. ఆపింది నేను, అబద్ధం చెప్పింది నేను, సార్ చెయ్యి కదిపాడు గానీ మీట మీద వేలు నాది.

"నాకు తెలుసు అక్కా" అన్నాడు డ్రమ్ము అబ్బాయి, కర్రలు ఒళ్ళో పెట్టుకుని. "దీపం ఆరిపోయింది సూసినా. వాడు కండ్లు మూసుకోని పాడతాంటే ఎట్ల ఆపేది? ఊరికే కూర్చుంటి."

పాడే అబ్బాయి స్నేహితుణ్ణి చూశాడు, నన్ను చూశాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అతనికి తెలియడం లేదు. గిటారు తీగను అనవసరంగా బిగించాడు, అది తెగింది.

"మా అమ్మకు ఏసినారంట గదా, అక్క చెప్పింది" అన్నాడు చివరికి. "ఏమనింది?"

పాత అలవాటు మెడ దాకా వచ్చింది. బాగుందని తల ఊపితే అయిపోయేది.

"పోదాం పా దగ్గర అందరూ పాడారు. అది మాదే, ఎత్తుకున్నాడు అన్నారు. మిగతాది మీ అమ్మనే అడుగు."

"అదే నచ్చిందా వాళ్ళకు కూడా?" అని అతను కర్ర కుర్చీని కాలితో తోశాడు. "పోండి మేడం, మీరూ మీ హుక్కులూ."

క్షమించాడో లేదో తెలియదు. నేను అడగలేదు. అతను మళ్ళీ స్టేషన్‌కు రాలేదు. సార్‌కు కూడా నేను చేసింది చెప్పాను, పూర్తి పాటను ఒక ఆదివారం మధ్యాహ్నం వెయ్యనిచ్చాడు. ఎవరు విన్నారో తెలియదు. ఆ ఏడాదే ఆ సాఫ్ట్‌వేర్ వచ్చింది. నా ఫోను, కుర్చీ, అట్టముక్క అక్కడే వదిలేసి బయటపడ్డాను. అట్టముక్క తెచ్చుకుని ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది.

ఇప్పుడు ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. ఇక్కడ ఎవరూ ఎనిమిది సెకన్లలో మార్కులు వెయ్యరు. పుస్తకం తీసుకుని నెలలు నెలలు తిరిగివ్వరు, అది వేరే బాధ. రేడియోలో చేరతానని ఏ అమ్మాయైనా వచ్చి అడిగితే, అద్దం మీద కొట్టడం నేర్చుకో అని చెబుతుంటాను. వాళ్ళకు అర్థం కాదు.

మొన్న కాలేజీ వార్షికోత్సవానికి ఆ నలుగురే వచ్చారు. సాయంత్రం నాలుగు దాటింది. లైబ్రరీ కిటికీ కింద స్టేజీ. నేను కిందికి దిగలేదు, పుస్తకాల మధ్యే నిలబడ్డాను. డ్రమ్ము లేవగానే మైదానమంతా పోదాం పా అని ఎగిరింది. అతను మైకును జనం వైపు తిప్పి, నవ్వుతూ, ఐదుసార్లు కాదు, పది సార్లు పాడించాడు. తర్వాత డ్రమ్ము ఆగింది. చివరి చరణం పిల్లలకు రాదు, అందరూ ఒక్కసారిగా ఊరుకున్నారు.

అతను కళ్ళు తెరిచే పాడాడు.

*గూట్లో లేదులే నాయనా,*
*బీగంచెవి నా కొంగునే ఉండె,*
*నిన్నొక్కణ్ణి పండనీలేక*
*అందని చోటు చెప్తి నాయనా.*

బల్ల మీద నా కుడి చూపుడువేలు తనంతట తానే కిందికి జరగబోయింది. దాన్ని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నాను. కింద స్టేజీ పక్కన నిర్వాహకుడెవరో గడియారం చూసుకుంటున్నాడు. చూసుకోనీ. పాట అయిపోయే దాకా ఎవరూ ఆపలేదు.